పాట చివర పిలిచే పేర్లు

స్టూడియోలో ఒక్క పాట రికార్డు చేయడానికి ఎంతవుతుందో కనుక్కుని బయటికొచ్చి, ఆ మెట్ల మీదే కూర్చుని లెక్క వేసుకున్నాను. నా కావా దుకాణంలో నాలుగు నెలలు మిగిలేది అక్కడ ఒక్క రోజులో పోతుంది. పైగా అద్దె గంటల లెక్క. మనం తప్పు పాడితే వాళ్ళకే లాభం. అలాంటి బేరం నేనెప్పుడూ చెయ్యలేదు.

మా దీవుల రాజధాని పోర్ట్ విలాలో, ఓలెన్ పేటలో నా దుకాణం. మెల్లగా మత్తెక్కించే కావా మొక్క వేళ్ళు దంచి, నీళ్ళు కలిపి పిండి, కొబ్బరి చిప్పల్లో పోసి అమ్ముతాను. పొద్దు వాలి గుమ్మం ముందు దీపం వెలిగిస్తే జనం వస్తారు. తాగుతారు, ఉమ్ముతారు, గుసగుసగా మాట్లాడుకుని పోతారు. పాటలు నా రెండో పని. నేను, నా ఇద్దరు తమ్ముళ్ళు, మా పెదనాన్న కొడుకు, ఇంకా మా దీవివాడే కానీ మాకు చుట్టం కాని, పైగొంతు పాడే విల్కిన్. రెండు గిటార్లు, వాటికంటే చిన్నవి రెండు యుకులేలీలు, పెట్టెకి కర్ర నిలబెట్టి ఒక్క తాడు బిగించిన బేస్. పన్నెండేళ్ళుగా పెళ్ళిళ్ళలో, చర్చి విందుల్లో పాడుతున్నాం. అక్కడ పాడినది అక్కడే ఆరిపోతోంది.

ఈసారి నాకు కావలసింది ఒక్కటే. జూలై ముప్ఫైన స్వాతంత్ర్య దినం. అంతకు ముందే మా పాట బస్సుల్లో మోగాలి. ఆ వారం ఊరు దీవుల జనంతో కిటకిటలాడుతుంది. ఆ వారం బస్సుల్లో మోగిన పాటే ఏడాదంతా బతుకుతుంది. హోటళ్ళవాళ్ళు కూడా ఆ పాట పాడినవాళ్ళనే పిలుస్తారు.

డబ్బు లేదు కాబట్టి పేర్లు ఇచ్చాను. మా బ్యాండ్లకి ఒక అలవాటుంది. పాట అయిపోతుండగా, తీగలు ఇంకా మోగుతుండగానే, సాయం చేసినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే కేక వేసి పిలుస్తాం. పేరు పాటలో పడితే మనిషి ఏడాదంతా తలెత్తుకు తిరుగుతాడు. దానికి నాకయ్యే ఖర్చు నోట్లో ఊపిరి. లాప్‌టాప్, మైకు తెచ్చినందుకు టన్నా దీవి నౌపాకి ఒక పేరు. ఫోన్లలో పాటలు ఎక్కించే కొట్టువాడికి ఒకటి. జెనరేటర్ ఇచ్చిన పాస్టరుగారి భార్యకి ఒకటి, ఆమె అడిగితే ఆమె అక్కకి కూడా.

అందరికంటే పెద్ద పేరు మా బావది. బావ అంటే నా భార్య రొలీన్ అన్న. అతనికి మూడు బస్సులున్నాయి. మా వైపు డ్రైవర్లకి పెద్ద అతనే. అతను వెయ్యమంటే నలభై బస్సుల్లో పాట మోగుతుంది, ఆపమంటే నలభై బస్సుల్లోనూ ఆగుతుంది. నా కావా మూటలు కూడా వనువా లావా దీవి నుంచి అతని పినతండ్రి చేతుల మీదుగానే వస్తాయి. 

అతని పేరు నేను పలకను. మాది ఉత్తరాన, వనువా లావా ఉన్న బ్యాంక్స్ దీవులు. మాలో పెళ్ళాం అన్నదమ్ముల పేరు మొగుడు నోట రాకూడదు, మొగుడి అన్నదమ్ముల నోటా రాకూడదు. నోరు జారితే తప్పు కింద పందిని ఇచ్చుకోవాలి. ఎదురుగా ఉంటే బావా అంటాం, దూరంగా ఉంటే చెయ్యి చూపిస్తాం. ఆస్పత్రి కాగితం మీద రాయవలసి వచ్చినా రొలీన్ చేతే రాయించాను. ఇక్కడా రాయను.

పాట మొదటిసారి వినిపించినప్పుడు బావ బస్సు చక్రం మీద కాలు పెట్టి విన్నాడు.

"బాగుంది బావా. అన్ని బళ్ళలో వేయిస్తా. మరి నా పేరు?"

"నీ పేరు లేకుండా పాటేంటి?"

"అందరి తర్వాత రావాలి. నా పేరు దగ్గర తీగలన్నీ ఆపేయాలి. విల్కిన్ పైగొంతులో పిలవాలి." నవ్వాడు. "నువ్వు మాత్రం పిలవకు. పిలిచావో, పంది ఒక్కటే సరిపోదు."

"పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి నోరు జారానా బావా?"

"అందుకే గుర్తు చేస్తున్నా. పద్దెనిమిదేళ్ళయ్యేసరికి మనిషికి ధీమా వస్తుంది."

కావా మూటలు దాచే గదిలోనే రికార్డు చేశాం. ఎండిన వేళ్ళ మూటలు నాలుగు గోడలకీ పైకప్పుదాకా పేర్చి ఉంటాయి. ఆ గదిలో చప్పట్లు కొడితే చప్పుడు మూటల్లోకి ఇంకిపోతుంది. స్టూడియోలో గోడలకి స్పాంజి ఎందుకు అతికిస్తారో నాకు అప్పుడు అర్థమైంది. వాన పడితే రేకు కప్పు హోరెత్తుతుంది కాబట్టి ఆగేవాళ్ళం. పక్కింటి కోడి కూస్తే మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. మైకు ఒక్కటే, అందుకని దాని దగ్గర నిలబడేది గొంతులు. బేస్ వాయించే తమ్ముణ్ణి వాకిట్లోకి పంపి తలుపు వారగా తెరిచి పెట్టాం. రెండు మధ్యాహ్నాల్లో పాట అయిపోయింది. చివరి పేర్లు మాత్రం మిగిలాయి. వాటి కోసం తీగలు వాయించి, ఆఖరి పేరు దగ్గర అందరం ఒక్కసారి ఆగి, చోటు వదిలిపెట్టాం. ఆ చోట్లలో విల్కిన్ బుధవారం వచ్చి పేర్లు పిలవాలి. గురువారం తెల్లవారకుండానే నౌపా విమానం. ఆపిల్ తోటల్లో పనికి ఏడు నెలలు న్యూజిలాండ్ వెళ్తున్నాడు, లాప్‌టాప్ కూడా అతనితోనే వెళ్తుంది.

మా పాట, ఎప్పుడొస్తుందో తెలియని ఓడ గురించి. బ్యాంక్స్ దీవులకి వెళ్ళే సరుకుల ఓడ అప్పటికి మూడు వారాలుగా రాలేదు. సరిగ్గా ఆ బుధవారం పొద్దున వచ్చింది, మధ్యాహ్నానికి బయలుదేరింది. విల్కిన్ ఓడ మీద నుంచే ఫోను చేశాడు.

"అన్నా, తిట్టకు. అమ్మ ఇంటికి సిమెంటు బస్తాలు వెయ్యాలి కదా. ఈ ఓడ తప్పితే మళ్ళీ ఎప్పుడో."

"పేర్లు పిలవాలి కదరా!"

"వచ్చాక పిలుస్తా."

"వచ్చేసరికి నౌపా ఉండడు, మైకు ఉండదు."

"అన్నా, తాళ్ళు విప్పేశారు. ఉంటా."

ఓడ కోసం పాట కడితే, ఓడ వచ్చి పాటగాణ్ణే ఎత్తుకుపోయింది. నా తమ్ముళ్ళు నా మొహం చూశారు. ఆ ఒక్క పేరు తప్ప మిగతావన్నీ నేను పిలిచాను, గంటలో అయిపోయాయి. ఆ ఒక్కటీ మా నలుగురిలో ఎవరూ పలకడానికి లేదు.

"నేను పిలుస్తానుండు," అన్నాడు నౌపా. వాళ్ళ దీవి వేరు, ఆ పేరుకి అతనికి అడ్డేమీ లేదు. మూడుసార్లు పిలిచాడు. తప్పిపోయిన కుక్కని పిలిచినట్టుంది. మా పెద్ద తమ్ముడు నోరు మూసుకుని నవ్వాడు.

"ఇది మీ బావకి వినిపిస్తే బస్సు కింద తోస్తాడు," అన్నాడు నౌపా తనే. "వదిలెయ్యి. పేరు లేకుండానే ఇచ్చెయ్యి."

పేరు లేకుండా ఇస్తే బావ వెయ్యడు. వీధిలోకెళ్ళి మా వాళ్ళు కాని ఇంకొకణ్ణి పిలుచుకు రావడానికి రెండు గంటలు పడుతుంది. వాన మబ్బు కొండ మీదకి వచ్చేసింది. నేను లెక్క వేసుకున్నాను. మాట అరసెకను. విల్కిన్ గొంతు నాకు పన్నెండేళ్ళుగా తెలుసు, ఎక్కడ సాగదీస్తాడో, ఎక్కడ విరుస్తాడో తెలుసు. గదిలో నేను, నౌపా తప్ప ఎవరూ ఉండకపోతే చాలు. 

"మీరు వాకిట్లోకి వెళ్ళండి," అన్నాను తమ్ముళ్ళతో.

"ఎందుకన్నా?"

"మూటలకి గాలి తగలాలి. వెళ్ళండి."

వాళ్ళు వెళ్ళారు. ఎందుకో వాళ్ళకి తెలుసు, తెలియనట్టు వెళ్ళారు. నేను మైకు దగ్గరికి వెళ్ళి, కళ్ళు మూసుకుని, గొంతు పైకి లేపి, పద్దెనిమిదేళ్ళుగా నోట రాని పేరు పిలిచాను. ఒక్కసారికే సరిగ్గా వచ్చింది. నౌపా బొటనవేలు పైకెత్తాడు. 

తర్వాత పని నాకు వచ్చిన పనే. రెండు చిప్పలు తాగినవాడి ఫోనులో పాట ఊరికే ఎక్కించాను. బజారులో కూరలమ్మే ఆడవాళ్ళకి మొదట ఇచ్చాను. వాళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రందాకా ఒకేచోట కూర్చుంటారు, అదే పాట నలభైసార్లు వేస్తారు. బస్సులకి పాత పెన్‌డ్రైవ్‌లు కొన్నాను. వాటిలో ఉన్న పాటలు చెరపలేదు. మా పాట ఒక్కటే ఉంటే డ్రైవరు విసుగొచ్చి తీసేస్తాడు. మా పాట పేరుకి ముందు ఒక సున్నా పెట్టించాను, తాళం తిప్పగానే మొదట మోగేది అదే. ముప్ఫై ఎనిమిది బస్సులకి ఇచ్చాను. నాలుగో రోజుకి ఆస్పత్రి రోడ్డు మీద నిలబడితే ఆ పాట తప్పించుకోవడం ఎవరి వల్లా కాలేదు.

నా వల్ల కూడా కాలేదు. బస్సు ఆగి మళ్ళీ బయలుదేరిన ప్రతిసారీ పాట మొదటికొస్తుంది. మూడు నిమిషాలయ్యాక తీగలాగుతాయి, నా గొంతు ఆ పేరు పిలుస్తుంది. దుకాణంలో కూర్చుంటే రోడ్డు మీద నుంచి వినిపించేది. నేను వేళ్ళు దంచే రోకలి ఆపేవాణ్ణి.

ఐదో రోజు రొలీన్ బజారు నుంచి బస్సులో వచ్చింది. సంచీ కింద పెట్టలేదు.

"ఏమయ్యా, ఆ చివర పిలిచిందెవరు?"

"విల్కిన్."

"విల్కిన్ ఓడెక్కింది ఎప్పుడు?"

"అంతకు ముందే పిలిచి వెళ్ళాడు."

"నా మొహం చూసి చెప్పు." నేను చూడలేదు. ఆమె సంచీ దించింది. "నువ్వు స్నానం చేస్తూ పాడతావు, పిల్లల్ని నిద్రపుచ్చుతూ పాడావు. గొంతు పైకెత్తినప్పుడు చివర నీకు చిన్న జీర వస్తుంది. ఆ జీర నేను మోస్తూ బస్సులో పది మంది మధ్య కూర్చుని వచ్చాను."

"ఎవరికీ తెలియదు రొలీన్."

"నాకు తెలుసు కదా. నేనెవర్ని? అన్నయ్య చెల్లెల్ని కానా?" ఆ పూట నాకు అన్నం పెట్టింది కానీ మాట్లాడలేదు. నాకూ తమ్ముళ్ళకీ ఒకే కుండలో వండే మనిషి, మర్నాటి నుంచి తన చాప వేరే గదిలో వేసుకుంది.

బావ రోజూ సాయంత్రం దుకాణానికి రావడం మొదలుపెట్టాడు. అంతకుముందు వారానికొకసారి వచ్చేవాడు. ఒక చిప్ప తాగి, గోడకి జారబడి, మెల్లగా అడిగేవాడు.

"విల్కిన్ ఎప్పుడొస్తాడు?"

"సోమవారం ఓడకి."

"వాడికి చొక్కా కొన్నాను. పువ్వులది. మా అమ్మ కూడా నా పేరు అంత తియ్యగా పిలవలేదు బావా. ఒక్క మాటలో ఎంత ప్రేమ పెట్టాడో! చొక్కా తొడిగి, అందరి ముందూ ఇంకోసారి పిలవమంటాను. ఇదే గొంతుతో."

"పిలుస్తాడు."

"పిలవాలి మరి. నలభై బళ్ళవాళ్ళూ వింటారు." ఇంకో చిప్ప అడిగాడు. నేను పోశాను. 

మర్నాడు కూడా విల్కిన్ సంగతే అడిగాడు, ఆ మర్నాడూ అదే. చొక్కా రంగు చెప్పాడు, కొలత చెప్పాడు. నేను చిప్ప నిండా పోసి డబ్బు తీసుకోలేదు. అతను ప్రతిసారీ నాణెం పెట్టే వెళ్ళాడు. దానికి నాకు మరీ భయమేసింది.

శనివారం పొద్దున నేను వనువా లావా రేవు ఊరు సోలాకి ఫోను చేశాను. విల్కిన్‌కి సంగతంతా చెప్పి, "ఆ పేరు పిలిచింది నువ్వేనని బావతో చెప్పు, చాలు," అన్నాను. అవతల చాలాసేపు గాలి చప్పుడు.

"చెప్తానన్నా. నీ కోసం చెప్పనా?" మళ్ళీ గాలి. "నా యుకులేలీ మెడ విరిగింది కదా, కొత్తది కొనాలనుకుంటున్నా. ఊరికే అంటున్నా, దానికీ దీనికీ సంబంధం లేదు."

"లేదు కదా."

"అస్సలు లేదు. ఇంకోటి, మన పాటల్లో ముందు నా పేరు వస్తే బాగుంటుందని అమ్మ అంటోంది."

ఫోను పెట్టేసి మూటల మీద కూర్చున్నాను. సరుకు ఒకసారి కొంటే అయిపోతుంది. ఈ అబద్ధం అలాంటిది కాదు. ప్రతి నెలా కొనాలి, ధర వాడు చెబుతాడు. అంతా ఇచ్చి కూడా, రొలీన్ చాప ఆ గదిలోనే ఉంటుంది. పంది ఒక్కసారే పోతుంది. 

ఆదివారం చర్చి అయ్యాక, దంతాలు వంపు తిరిగి మంచి విలువ పలికే మా పెద్ద పందిని తోపుడు బండిలో కట్టేశాను. వేళ్ళతో సహా పెకలించిన కావా మొక్క భుజాన వేసుకున్నాను. రొలీన్ ఏమీ అడక్కుండా పెట్టెలోంచి, తప్పు తీర్చుకునేటప్పుడు ఇచ్చే ఎర్ర చాప తీసి బండిలో పడేసి, నా వెనకే నడిచింది. బావ వాకిట్లో బస్సు కడుగుతున్నాడు. నేను గేటు లోపల అడుగు పెట్టి అక్కడే నేల మీద కూర్చున్నాను. అలా కూర్చుంటే ఎందుకొచ్చానో చెప్పక్కర్లేదు. అయినా చెప్పాను.

"బావా, ఆ పాటలో పిలిచింది విల్కిన్ కాదు. నేను."

అతను నీళ్ళ గొట్టం వదల్లేదు. చక్రం కడగడం పూర్తి చేశాడు. రెండో చక్రం కడిగాడు. పంది అరుస్తోంది. రొలీన్ గేటు బయటే నిలబడింది.

"మొదటి రోజే తెలుసు," అన్నాడు మూడో చక్రం దగ్గర.

నేను తలెత్తి చూశాను.

"పద్దెనిమిదేళ్ళుగా నీ పాటలు వింటున్నాను. పెళ్ళికి పాడావు, మా నాన్న చచ్చిపోతే పాడావు. నీ గొంతుకి లంగా కడితే ఆడగొంతు అయిపోతుందా? నాకు చెవులు లేవనుకున్నావా?"

"మరి తెలిసీ ఎందుకు మోగించావు?"

"ఎన్నాళ్ళు ఆగుతావో చూద్దామని." గొంతు పెద్దదయింది. "రోజూ వచ్చి కూర్చున్నా. రోజూ చొక్కా సంగతి చెప్పా. ఇవాళ చెప్తాడు, ఇవాళ చెప్తాడు అనుకుంటూ ఆ చేదంతా తాగా. నా డబ్బుతో తాగా! సోమవారం ఓడ వచ్చేదాకా నువ్వు నోరు విప్పకపోయుంటే, నా చెల్లెల్ని తీసుకుపోదామని బస్సులో సీట్లు కూడా విప్పించా, సామాను పడుతుందని."

బస్సులోకి చూశాను. వెనక సీట్లు నిజంగానే లేవు.

"మైకు ముందు నిలబడినప్పుడు ఏమనుకున్నావు?" అని అడిగాడు.

"అరసెకనే కదా అనుకున్నాను."

"నా పేరు అరసెకనా?" గొట్టం కింద పడేశాడు.  తర్వాత వచ్చి పంది దంతం పట్టుకుని కొలిచాడు, చాప అంచు విప్పి చూశాడు, కావా వేళ్ళు చేత్తో తూచాడు. "నా వరకు ఇది సరిపోయింది. పాటకి సరిపోలేదు. రేపు పొద్దుటి నుంచి ఏ బస్సులోనూ మోగదు. నీ గొంతు తీసేసి తెస్తే అప్పుడు చూద్దాం."

"సోమవారం విల్కిన్ వస్తాడు, వాడి చేత పిలిపించి..."

"వద్దు. నువ్వు పలికిన చోట ఇంకొకడి గొంతు అతికించకు. ఆ చోటు ఖాళీగా ఉండాలి. వేసిన ప్రతిసారీ నీకు వినపడాలి అది."

"ఫోన్లలోకి వెళ్ళిపోయింది బావా. అవి నేనెలా తీసుకురాను?"

"తేలేవు. అవి నువ్వే మొయ్యి."

అప్పటికి స్వాతంత్ర్య దినానికి మూడు రోజులుంది. పాట నౌపా దగ్గర, నౌపా న్యూజిలాండ్‌లో ఎక్కడో తోటలో. సందేశం పెట్టాను. సోమవారం పగలంతా జవాబు లేదు. రోడ్డు మీద బస్సులు వేరే వాళ్ళ పాటలు వేసుకుంటూ పోయాయి. విల్కిన్ ఓడ దిగి, కొత్త యుకులేలీ సంగతి ఎత్తబోయి, నా మొహం చూసి సిమెంటు ధర గురించి మాట్లాడాడు. సాయంత్రం నౌపా మాట్లాడాడు. పగలు చెట్ల మీద ఉంటామని, ఫోన్లు మేస్త్రి తన పెట్టెలో పెట్టించుకుంటాడని చెప్పాడు. "పేరు విడిగానే ఉందన్నా, చివర పెట్టాం కదా. నిమిషంలో తీసేస్తా. కానీ అక్కడ తీగలు కూడా ఆగాయి. పాట చచ్చిపోయినట్టుంటుంది, పర్లేదా?"

"తీసెయ్యి."

మంగళవారం వేకువనే బస్సులు నిలిపే చోటికి వెళ్ళి, ఒక్కొక్క పెన్‌డ్రైవ్ అడిగి తీసుకుని, పాట మార్చి ఇచ్చాను. బావ అంతకు ముందే అందరికీ చెప్పాడు, ఎందుకో మాత్రం చెప్పలేదు.

"ఏం తీసేశావన్నా?" అని ఒక డ్రైవరు.

"దగ్గు."

"ముందుదే బాగుంది. చివర్లో కేక బాగుండేది."

ముప్ఫై ఎనిమిది మందికీ అదే జవాబు చెప్పాను. ముప్ఫై నాలుగే దొరికాయి. నలుగురు అప్పటికే పారేసుకున్నారు.

బుధవారం పొద్దున బావ బస్సు నా దుకాణం ముందు ఆగింది. వెనక సీట్లు మళ్ళీ బిగించి ఉన్నాయి. నిండా జనం, చేతుల్లో జెండాలు. రొలీన్ ముందే ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బావ తన పక్క సీటు మీద చెయ్యి కొట్టాడు. నేను కూర్చున్నాను. తాళం తిప్పాడు. మా పాట మొదలైంది.

ఓడ రాలేదని పాడాం, ఓడ పొగ కనిపించిందని పాడాం. పాస్టరుగారి భార్య పేరు వచ్చింది, ఆమె అక్క పేరు వచ్చింది. నౌపా పేరు వచ్చింది. తర్వాత తీగలు ఆగాయి. బస్సులో నలుగురైదుగురు తలెత్తి స్పీకరు వైపు చూశారు. నేను నా మోకాళ్ళ వైపు చూసుకున్నాను.

బావ కిటికీలోంచి తల బయటికి పెట్టి తన పేరు తనే అరిచాడు. బొంగురు గొంతు, రాగం లేదు. తీగలు మళ్ళీ అందుకున్నాయి.

"ఈయనకేమైంది?" అంది వెనక నుంచి ఒక ముసలామె.

"పాటలో అలాగే ఉందమ్మా," అన్నాడు బావ. ముందు సీట్లలో ఉన్న మా ఇద్దరిలో ఆ పేరు పలకగలిగినవాడు అతనొక్కడే.

వేడుకలు జరిగే పార్కు దగ్గర మలుపులో బళ్ళు ఆగిపోయాయి. ఎదురుగా ఇంకో బస్సులో మా పాటే చివరికి వచ్చింది. తీగలాగగానే ఆ డ్రైవరు తలుపు మీద చరుస్తూ తన పేరు అరిచాడు. లోపలి జనం గొల్లున నవ్వి, వాళ్ళూ అరిచారు.

బావ హారన్ మీద చెయ్యి ఉంచి తియ్యలేదు. "వాడెవడు నా చోట్లో?" అని నా వైపు తిరిగాడు. ఆదివారం తర్వాత నా మొహం చూడడం అదే మొదటిసారి. "ఇప్పుడు ఊళ్ళో ప్రతి వెధవా వాడి పేరే అరుస్తాడు. చూశావా ఏం చేశావో?"

"ఆపించమంటావా బావా?"

 వెనక జనం పాట మళ్ళీ వెయ్యమని సీట్లు కొడుతున్నారు.

"వద్దులే," అన్నాడు బావ. "పార్కు వచ్చింది, దిగు. తలుపు గట్టిగా వెయ్యి, లూజుగా ఉంది."